ఇత్తడి స్క్రూ

ఆ మంగళవారం పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. రాత్రంతా వీచిన గాలి మబ్బుల్ని సముద్రం దాకా తోలేసి, ఇంకా తోలడానికేమైనా మిగిలిందా అన్నట్టు వీధిలో తిరుగుతోంది. హెడ్డు కానిస్టేబుల్ లెయాంద్రో కిలకేవో టోపీని చేత్తో పట్టుకుని ఇనుప సామాన్ల కొట్టులోకి వచ్చాడు. బల్ల మీద ఒక ఇత్తడి స్క్రూ పెట్టాడు.

"ఎవరిస్తో గారూ, ఇది దేనిది?"

కొట్టు యజమాని ఎవరిస్తో కళ్ళజోడు సర్దుకున్నాడు. "కత్తి పిడిది. పిడిచెక్కల్ని పట్టి ఉంచేది. ఎక్కడ దొరికింది?"

"ఎస్టేటు పొట్టేలుని కోసిన చోట."

సంతలో రిబ్బను గెలిచిన ఏడాది పొట్టేలు అది. ఆదివారం మాయమైంది. కంచె అవతల నెత్తురూ పేగులూ తప్ప ఏమీ మిగల్లేదు. ఎవరి గొర్రెకు వాళ్ళ గాటు చెవిన ఉంటుంది కనుక దొంగ చెవులు కూడా పట్టుకుపోయాడు. గడ్డిలో ఈ స్క్రూ ఒక్కటే మెరిసింది. కిలకేవో గొర్రెలకాపరి కొడుకు. దొరికినదాన్ని అలవాటు కొద్దీ ఆకురాయికి తగిలించి, తల అంచున చిన్న గాటు పెట్టుకున్నాడు. అది కంటికి ఆనదు, గోరుకు తగులుతుంది.

వచ్చే సోమవారంలోగా దొంగ దొరక్కపోతే కిలకేవోను కొండల్లో ఉన్న సరిహద్దు ఠాణాకు పంపిస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అక్కడ ఆరు నెలలు మంచు, ఆరు నెలలు బురద. "నీ పెట్టె సర్దుతాను, నేను మాత్రం రాను" అంది భార్య నెలీదా.

ఎవరిస్తో స్క్రూని వేళ్ళ మధ్య దొర్లించాడు.

"పాతకాలపు మరచుట్లు. ఇలాంటివి ఇప్పుడు రావు. పోగొట్టుకున్నవాడు దీనికి దగ్గరగా ఉన్నదేదో ఏరుకోడానికి వస్తాడు. నాది తప్ప ఇక్కడ వేరే కొట్టు లేదాయె. ఇళ్ళన్నీ సోదా చేసి తిట్లు తినడం ఎందుకు, ఇక్కడే కూర్చోండి."

"వాడు కొత్త కత్తి కొనుక్కుంటే?"

"మనూళ్ళో మగాడు కత్తి మార్చడమంటే ముక్కు మార్చుకున్నట్టే. ఊరంతా చూస్తుంది."

మాట నచ్చింది. కిలకేవో కూర్చున్నాడు. ఎవరిస్తో అతనికి వేడి నీళ్ళలో మాతే ఆకు కలిపి తాగడానికి ఇచ్చి, సొరుగులన్నీ దించి, ఒక్కో స్క్రూనీ దొరికినదాని పక్కన పెట్టి చూడసాగాడు.

"ఇది పొడుగు, అరచేతిలో పొడుస్తుంది. ఇది పొట్టి, చెక్క కదులుతుంది. ఇనుపది పెడితే నెత్తురుకీ కొవ్వుకీ వారంలో తుప్పు. ఇదిగో, ఇది పట్టేట్టుంది గాని తల ఉబ్బుగా ఉంది. వేలు బొబ్బలెక్కుతుంది."

"మీరెందుకంత శ్రమ పడటం?"

"వాడు ఏది అడుగుతాడో మనకి ముందే తెలియాలిగా." చివరి సొరుగు మూసి నిట్టూర్చాడు. "ఒక్కటీ కుదరట్లేదు పాపం. నమూనా నా దగ్గరే ఉంచండి, తీరిగ్గా చూస్తాను."

మధ్యాహ్నం ఇద్దరికీ మాంసం పులుసు వచ్చింది. చెల్లెలు పంపిందన్నాడు ఎవరిస్తో. కిలకేవో రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఎవరిస్తో ముక్కల్ని పక్కకు నెట్టి పులుసు మాత్రం తాగాడు. పన్ను నొప్పట.

బుధవారం రొట్టెలు కాల్చే రొసౌరా వచ్చి, పిడికో స్క్రూ కావాలంది. కిలకేవో చటుక్కున లేచాడు.

"దేని పిడికి?"

"మూకుడు పిడికి." సంచిలోంచి తీసి చూపించింది. "మూకుడుతో పొట్టేలుని ఎలా కొయ్యాలో మీరు నేర్పితే నేర్చుకుంటాను, హెడ్డుగారూ."

"ఆదివారం ఎక్కడున్నావ్?"

"చర్చిలో, మీ వెనక బల్ల మీద. మీరు గురక పెడుతున్నారు."

గురు, శుక్రవారాల్లో గాలి తప్ప ఎవరూ రాలేదు. శనివారం సాయంత్రం ఎవరిస్తో ఒక కాగితం పొట్లం అతని చేతిలో పెట్టాడు.

"మీ స్క్రూ. దొంగ మన ఇద్దరికన్నా తెలివైనవాడు, హెడ్డుగారూ. రేపు మా ఇంట్లో భోజనం చెయ్యండి. ఊరు విడిచేవాణ్ణి ఉత్త కడుపుతో పంపితే మాకు మంచిది కాదు."

కిలకేవో పొట్లాన్ని విప్పకుండానే జేబులో వేసుకున్నాడు.

ఆదివారం ఎవరిస్తో పెరట్లో, గాలి తగలని గోడవార, శిలువలా ఉన్న ఇనుప చువ్వకు గుచ్చిన పక్కటెముకలు నిప్పు పక్కన చిటపటలాడుతున్నాయి. కిలకేవో కత్తి కోసం తన నడుము తడుముకున్నాడు. ఏమీ తగల్లేదు. పక్కన కూర్చున్న నెలీదా వైపు తిరిగాడు.

"నా కత్తి కూడా సర్దేశావా?"

"అన్నీ సర్దమన్నది నువ్వేగా" అంది నెలీదా.

ఆ ఊళ్ళో ఎవరి కత్తితో వాళ్ళే తింటారు. కత్తి అడగరు, ఇవ్వరు. ఎవరిస్తో కాసేపు ఆలోచించి, వీపు వెనక దోపుకున్న తన కత్తిని ఒరలోంచి తీసి పిడివైపు అందించాడు.

"మా నాన్నది. ఈ ఒక్కపూటకీ మీది. నేను చేత్తో తింటాలెండి."

"మరి పన్ను నొప్పి?"

"నిన్నటితో పోయింది."

మాంసం పళ్ళాల్లోకి వచ్చింది.

మూడో పక్కటెముక కోస్తుండగా కిలకేవో చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నెలీదా వైపు చూసి, సర్దిన పెట్టె ఇక విప్పెయ్యమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆమెకు అర్థం కాలేదు. అతను మళ్ళీ నమలసాగాడు. ఎముకలు తెల్లబడేదాకా ముగ్గురూ తింటూనే ఉన్నారు. అంతసేపూ అతని బొటనవేలి గోరు పిడి నడిమి స్క్రూ మీదే ఉంది, తన చేత్తో తాను పెట్టుకున్న గాటులో.