ఉడికే సమయం

“ఉడికే సమయమెంత నాయనా?” అడిగింది ప్రిన్సీ.

చనిపోయిన తల్లి జెసింతా వంటల బ్లాగుకు ప్రిన్సీ కోడ్ రాస్తోంది. వంటకం పేరు, వండినవారి పేరు, సమయం విడివిడిగా గుర్తుపెడితేనే గూగుల్‌కు అర్థమవుతుందట. అప్పుడే వెతికేవాళ్లకు జెసింతా పందికూర కనబడుతుందట.

“గనిలో పని ముగిసే సైరన్ కూస్తానే మీయమ్మ పొయ్యిమీద పెడతా ఉండింది. నేను ఇల్లు చేరితే దించుతా ఉండింది,” అన్నాడు తండ్రి ఫెలిక్స్.

“గూగుల్‌కు సైరన్ యాడ తెలుస్తాది? నిమిషాల్లో చెప్పు.”

“గని షాఫ్టు కాడి నుంచి ఇంటికి నడిస్తే ఇరవై.”

“నిన్న ఇరవైకే దించితే తోలు మాదిరి ఉండె గదా! మళ్లీ పెడితే గంటన్నరకు ఉడికింది.”

“నేను నేరుగా ఇంటికే వస్తా ఉంటినమ్మా!”

“కూర ఒప్పుకోలేదు నాయనా.”

ఫెలిక్స్ తల గోక్కున్నాడు. దారిలో సారాయి అంగడి ఉండేది. ఇంటి గడప దగ్గర రోజూ సోంపు నమిలి, ఎవరికీ తెలియలేదని మురిసిపోయేవాడు. జెసింతా ఒక్కనాడూ అడగలేదు. కూర ఒక్కనాడూ గట్టిగా లేదు, మాడనూ లేదు.

“ఇంగ ఏం రాసేది?”

“గంటన్నరే రాయి,” అన్నాడు మెల్లగా. “మీయమ్మ దారిలో ఆ సారాయి అంగడిని కూడా లెక్కలో కలుపుకొనే వండింది.”