శనివారం పరీక్ష

గేటు బయట ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నారు.

"అమ్మలూ! గేటు తియ్యమ్మా! మీ నాన్నగారు పడిపోయేరు!"

వరండాలో లెక్కలు చేసుకుంటున్న రెబెకా పెన్సిలు కింద పెట్టింది. ముఖం వెలిగిపోయింది.

ఈ వారం మనిషి వచ్చేశాడు!

పదకొండేళ్ల రెబెకా బడి గుమ్మం ఎరగదు. తండ్రి శ్యామ్ సుందర్ ఒకప్పుడు లెక్కల మాస్టారే. బట్టీలు, బెత్తం దెబ్బలు చూసి చూసి విసిగిపోయాడు. "నా కూతుర్ని ఆ బందెలదొడ్డిలోకి తోలను" అని ఉద్యోగం మానేశాడు. కొత్తపేట దగ్గర కాలవ గట్టున, కొబ్బరితోట మధ్య ఇంట్లో తనే పాఠాలు చెబుతున్నాడు. తల్లి మెర్సీకి అమలాపురం బ్యాంకులో ఉద్యోగం.

చదువుకేం, లోటు లేదు. పై తరగతుల లెక్కలు నోటితో చేసేస్తుంది. బైబిలు తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ తడబడకుండా చదువుతుంది. కూత విని పిట్ట పేరు చెబుతుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

తోటి పిల్లలంటే ఎలా ఉంటారో తెలియదు. అదొక లోటని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచినా, శ్యామ్ సుందర్ ఒకరు చెబితే వినే మనిషి కాదు.

ఆయన చెప్పే పాఠాల్లో లోకజ్ఞానం కూడా ఉంది. ప్రతి శనివారం ఏదో వంకతో బయటికి వెళ్లేవాడు. పక్కతోట బుచ్చిరాజు గారు ఎవరో కొత్తమనిషిని చూసి గేటు దగ్గరికి పంపేవారు. ఆ మనిషి ఏదో ఒక అబద్ధం చెప్పి గేటు తీయించాలి. రెబెకా తీయకూడదు. తీయకపోతే ఒక పూతరేకు బహుమతి.

రెబెకా ఇంతవరకూ ఓడిపోలేదు. తండ్రి మురిసిపోయేవాడు.

గేటు దగ్గరికి వెళ్లి చూసింది. తడిసిన లుంగీ, బనీను, మోకాళ్లదాకా బురద. రొప్పుతున్నాడు.

"డాడీయే పంపేరా అండీ?"

"ఆయ్, ఆయనే పంపేరమ్మా! కాలవగట్టు మీద గుండె పట్టుకుని ఒరిగిపోయేరు. స్కూటరుతో సహా నీళ్లలో పడిపోతే నేనే పైకి లాగేను. అంబులెన్సుకి ఫోన్ చేసేం, అదొచ్చేసరికి ఆలస్యమవుద్దంట. నాలిక కింద పెట్టుకునే మాత్రలు వేరే చొక్కాలో మర్చిపోయేరంట. ఆ చొక్కా బీరువా పక్కన కొక్కేనికుందంట. తెచ్చియ్యి తల్లీ!"

రెబెకాకి ముచ్చటేసింది. కొక్కెం సంగతి కూడా నేర్పి పంపారే!

"మీరు బాగా చేస్తున్నారండి. కిందటివారం వచ్చినాయన మధ్యలో నవ్వేసేరు."

"ఏం మాటలమ్మా ఇవి! నేనెవర్ననుకుంటున్నావు? నేను..."

"చెప్పకండి. ఎవరినని చెప్పినా నమ్మకూడదు. ఒకాయన పోలీసునన్నారు. తీరా చూస్తే కొబ్బరికాయల లారీ డ్రైవరు."

"ఊళ్లో ఏ పిల్లనడిగినా చెబుద్దమ్మా నేనెవరో!"

"నేను ఏ పిల్లనీ ఎరగనండి."

అతను గేటు ఊచలకి తల ఆనించి ఏడ్చేశాడు.

"ఇది పరీక్ష కాదని చెప్పమన్నారమ్మా మీ నాన్నగారు. ఆయనకి మాట సరిగా రావట్లేదు. ఈ ముక్క మాత్రం మళ్లీ మళ్లీ చెప్పేరు."

రెబెకా చప్పట్లు కొట్టింది.

"ఏడుపు కూడా వచ్చేసిందండీ! మీకు పదికి తొమ్మిది. గేటు మాత్రం తియ్యను."

అతను ఊచల మీద కాలు పెట్టి ఎక్కబోయాడు. ఎవరైనా ఎక్కితే ఏం చెయ్యాలో కూడా పాఠంలో ఉంది. రెబెకా లోపలికి పరుగెత్తి తలుపు గడియ పెట్టేసింది. ఆ చప్పుడుకి అతను ఆగిపోయాడు. కిటికీలోంచి చూస్తే, లుంగీ ఎగ్గట్టి వచ్చిన దారినే పరుగెడుతున్నాడు.

గెలిచింది! చేతులు కడుక్కుని పూతరేకు కోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

డాడీని నలుగురు మోసుకొచ్చారు.

మర్నాడు గేటు బార్లా తెరిచి ఉంది. ఊరు ఊరంతా ఆ తోటలోకి వచ్చింది. మెర్సీ శవపెట్టె మీద పడి ఏడుస్తోంది. పాస్టరుగారు వాక్యం చదువుతున్నారు.

రెబెకా బుచ్చిరాజు గారి చెయ్యి పట్టుకుంది.

"అంకుల్, నిన్న వచ్చినాయన్ని మీరే పంపేరు కదండీ?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"లేదమ్మా. నిన్న పంపుదామనుకున్నవాడికి ఒంట్లో బాగోలేదు. నేనెవర్నీ పంపలేదు."

రెబెకా కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడింది.

అప్పుడే నిన్నటి మనిషి వచ్చాడు. ఇవాళ ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర మూగిన ఊరి పిల్లలు పక్కకి తప్పుకుని చేతులు కట్టుకున్నారు. అతను పెట్టె దగ్గర తల వంచి నిలబడ్డాడు. తర్వాత వచ్చి రెబెకా తల నిమిరాడు. కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

రెబెకా పక్కనే తన ఈడు పిల్ల ఒకతి నిలబడి ఉంది. పుట్టి బుద్ధెరిగాక రెబెకా మరో పిల్లతో మాట్లాడడం అదే మొదలు.

"ఆయనెవరు?"

ఆ పిల్ల వింతగా చూసింది.

"మన బడి హెడ్మాస్టారు. ఆయన్ని ఎరగని పిల్లలుంటారా ఊళ్లో?"