ఎడమ నుంచి నాలుగో ఆవిడ

"ఈ ఫొటో కింద ఒక పేరు తగ్గిందమ్మాయ్."

నిచ్చెన మీదున్న లైబ్రేరియన్ కిందికి చూసింది.

గొడుగు చంకలో పెట్టుకుని ఒక ముసలావిడ, ఫొటోకి జానెడు దూరంలో నిలబడి ఉంది.

"ప్రదర్శన రేపమ్మా. ఈరోజు ఎవరినీ రానివ్వట్లేదు."

"తలుపు తీసే ఉంది మరి."

ఆసుపత్రి పాత వార్డులో రేపే ఫొటో ప్రదర్శన. దేశంలో పసిబిడ్డ గుండెకు ఆపరేషన్ చేసిన మొదటి మహిళ ఈ ఆసుపత్రి డాక్టరమ్మే. అది జరిగి నలభై ఏళ్లు. ఈ ఫొటోల కోసం లైబ్రేరియన్ మూడు నెలలు కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగింది.

బడిలో ఆవిడ గురించి పాఠం చదివిన రోజు నుంచీ లైబ్రేరియన్‌కి ఆవిడంటే ప్రాణం. ఎదురుగా చూసింది మాత్రం లేదు; దొరికినవన్నీ నలభై ఏళ్ల నాటి ఫొటోలే. ముఖ్య అతిథిగా రమ్మని ఉత్తరం పంపుతూ, కవరు మీద చిరునామా కూడా తన చేత్తోనే ఆకుపచ్చ సిరాతో రాసింది. జవాబు కోసం ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి.

ముసలావిడ చూస్తున్నది ఆ ఆపరేషన్ నాటి ఫొటో. అందులో ఐదుగురు. అందరికీ మాస్కులే, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. కింద నలుగురు డాక్టర్ల పేర్లున్నాయి. ఎడమ నుంచి నాలుగో మనిషి దగ్గర మాత్రం 'నర్సు' అని ఉంది.

"నర్సుకి పేరుండదా?" అంది ముసలావిడ.

"రికార్డులన్నీ జల్లెడ పట్టానమ్మా. దొరకలేదు."

"ఆ రోజు ఏం జరిగిందో అయినా దొరికిందా?"

"దొరక్కపోవడమేం? డాక్టరమ్మ ఆపరేషన్ చేశారు. బిడ్డ బతికింది."

"మధ్యలో కరెంటు పోయింది. ఆపరేషన్ కోసం బిడ్డ గుండె ఆపి ఉంది. ఒంట్లో రక్తం నడిపించే పంపు కూడా ఆగిపోయింది. అందరూ కొయ్యబారిపోయారు. ఈ నర్సు ఒక్కతే పంపు హ్యాండిల్ అందుకుని చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు తిప్పింది తల్లీ. అరచేతుల తోలు లేచిపోయినా ఆపలేదు."

"డాక్టరమ్మ ఉన్నారుగా అక్కడ!"

"ఆ, ఉంది. దాని చేతులు వణికాయి. 'నేను తిప్పుతాను, మీరు కుట్టండి' అని నర్సు కసిరితే గానీ సూది పట్టుకోలేదు."

లైబ్రేరియన్ గబగబా నిచ్చెన దిగింది. తనను ఏమన్నా పడుతుంది గానీ, డాక్టరమ్మను అంటే ఊరుకోదు.

"ఆవిడ చేతులు వణకడమేమిటి? ఆ చేతులు ఎన్నడూ వణకలేదని పుస్తకాల్లో ఉంది."

"పుస్తకాలు రాసినవాళ్లు ఆ గదిలో లేరుగా."

"మీరున్నారా?"

"ఉన్నాను."

లైబ్రేరియన్‌కి అంతా అర్థమైపోయింది. ఈవిడే ఆ నర్సు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గోడ మీద పేరు కోసం వచ్చింది. జాలి వేసింది. జాలి కంటే ముందు కోపం వచ్చింది.

"మీ బాధ నాకు తెలుస్తోందమ్మా. కానీ మీ పేరు నిలబెట్టుకోవడానికి ఆవిడ పేరు చెడగొట్టకూడదు."

ముసలావిడ కళ్లార్పకుండా చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"ఆవిడ తరఫున భలే పోట్లాడుతున్నావే!"

సంచిలోంచి ఒక నలిగిన కవరు తీసి, వెనక వైపు పెన్సిల్‌తో ఒక పేరు రాసి ఇచ్చింది.

"ఇదీ నర్సు పేరు. సాయంత్రానికి గోడ మీద కనిపిస్తే రేపు వస్తాను. లేకపోతే రాను."

"రేపు ఆహ్వానం ఉన్నవాళ్లకేనమ్మా."

"తెలుసులే," అంటూ ముసలావిడ గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం లైట్లు బిగించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రిటైరై నాలుగేళ్లయినా, ఈ పాత వార్డు వైరింగ్ ఇంకెవరికీ కొరుకుడు పడదు.

"బాబాయ్, ఆ ఆపరేషన్ రోజు కరెంటు పోయిందా?"

అతని చేతిలో వైరు ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారమ్మా? పోయింది. జనరేటర్ మొరాయించింది. నలభై నిమిషాలు దాన్ని బతిమాలాను, తిట్టాను, తన్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. బిడ్డ పోతే నా వల్లే పోయినట్టని ఏడుస్తూనే ఉన్నాను. ఆ నర్సమ్మ చేత్తో తిప్పబట్టి గానీ, లేకపోతే ఈ జన్మలో నాకు నిద్ర పట్టేది కాదు."

లైబ్రేరియన్ మొహం చిన్నబోయింది. ఫొటో కింది అట్టను పీకేసి కొత్త అట్ట తెచ్చింది. కవరు మీది పేరు చూస్తూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. డాక్టరమ్మ పేరు ఎంతుందో ఇదీ అంతే ఉండాలని స్కేలు పెట్టి మరీ కొలిచింది. గోడకు అంటించాక ప్రాణం కుదుటపడింది.

"రేపు ఆ నర్సమ్మని మొదటి వరసలో కూర్చోబెడతాను బాబాయ్. పొద్దున కనీసం కుర్చీ కూడా వెయ్యలేదు."

"ఏ నర్సమ్మని?"

"ఈవిడనే. పొద్దున వచ్చి తన పేరు తనే రాసిచ్చారు."

ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"ఏం మాట్లాడుతున్నావమ్మా? ఆవిడ పోయి పదకొండేళ్లు. ఆఖరి చూపుకి నేనే వెళ్లొచ్చాను."

"మరి పొద్దున వచ్చిందెవరు?"



లైబ్రేరియన్ బల్ల మీది కవరును చేతిలోకి తీసుకుంది. పొద్దుట్నుంచీ ఒక వైపే చూసిన ఆ కవరును ఇప్పుడు మెల్లగా తిప్పింది.

ఆ వైపు ఆకుపచ్చ సిరాతో, తన చేతిరాతలోనే, డాక్టరమ్మ చిరునామా ఉంది.