తెర ఉంగరాల చప్పుడు

"వద్దని చెప్పెయ్యవే మార్లిస్. ఏదో ఒకటి జరుగుతుంది. నా మనసు కీడు శంకిస్తోంది."

వెర్నా ఆ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. వంటింటి గోడకున్న ఫోను మోగలేదు. పొయ్యి మీద కాఫీ కూడా పూర్తిగా మరగలేదు.

గవర్నరుగా పోటీ చేస్తున్న లైల్ ఎంగెన్ తన జోడీగా, అంటే గెలిస్తే తన తరువాత రాష్ట్రానికి రెండో మనిషిగా, వెర్నా కూతురు మార్లిస్‌ను ఎంచుకున్నాడు. ఆ చోటుకి ఆడమనిషి పేరు వినబడటం అక్కడ అదే మొదలు. పన్నెండింటికి ఫోన్ చేస్తాడు. సరేనంటే సాయంత్రం వార్తల్లో చెప్పేస్తారు. ఆ ముక్క అమ్మానాన్నలకు ఎదురుగా చెప్పాలని మార్లిస్ తెల్లారకముందే బయలుదేరి నూట ఇరవై మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చింది.

"ఊరూరూ తిరగాలి. మంచులో కారు జారి గుంటలో పడితే? ఎవడో తాగినవాడు తుపాకీ పట్టుకొస్తే?"

"నవంబరు మొదట్లోనే ఎన్నికలైపోతాయమ్మా. అప్పటికి మంచెక్కడిది?"

"పోయినేడు అక్టోబరులోనే పడింది."

తండ్రి ఆర్విడ్ పేపరు మడిచాడు. "మీ అమ్మ సంగతి కొత్తా? ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, శవపేటికకు కొలతలు తీసుకుంటుంది. నువ్వు సరే అను తల్లీ. నువ్వు పక్కన లేకపోతే ఆ ఎంగెన్ మొహం చూసి వాళ్లావిడ కూడా ఓటెయ్యదు." టోపీ తగిలించుకుని, ట్రాక్టరు పని ఉందంటూ కొట్టంలోకి పోయాడు.

బల్ల మీద ప్లేటులో నిమ్మకాయ కేకు ముక్క ఒక్కటే మిగిలింది. ఆ ఊళ్లో మర్యాదకి చివరి ముక్క ఎవరూ తీసుకోరు. మార్లిస్ దాన్ని సగానికి కోసి, ఒక సగం తిని, రెండోది వదిలేసింది.

"అదీ తినవే."

"వద్దులేమ్మా."

"అదిగో! కేకు ముక్క తీసుకోవడానికే చెయ్యి రాదు, రాష్ట్రాన్నేం తీసుకుంటావు?"

మార్లిస్ నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "స్కూలు బోర్డుకి నిలబడ్డప్పుడూ ఇలాగే భయపెట్టావు. ఏం జరిగింది చెప్పు?"

"ఏం జరగలేదా? మన తపాలా డబ్బాలో చచ్చిన కాకిని పెట్టిపోలేదూ?"

"కాకి చచ్చింది. నేను చావలేదుగా. ఓడిపోయానంతే. రూబెన్ సోలీకి రెండొందల పన్నెండు, నాకు రెండొందల పదకొండు."

వెర్నా ఖాళీ కప్పును సాసరు మీద బోర్లించింది.

పదకొండేళ్లయింది. చర్చి కింది గదిలో ఓటేసే చోట పచ్చటి తెర. లాగితే దాని ఇనప ఉంగరాలు కడ్డీ మీద జర్రున జారిన చప్పుడు. ఆ చప్పుడు ఆనాటి నుంచి వెర్నాను వదల్లేదు. స్నానాల గదిలో తెర లాగినా అదే. చివరికి దాన్ని పీకేసి, బూజు పట్టిందని ఆర్విడ్‌కి చెప్పింది. అప్పటినుంచి రోజూ వంగి నేల తుడుచుకుంటోంది. మార్లిస్ ఇంట్లోనూ స్నానాల తొట్టికి తెర ఉండదు. పిచ్చిపిల్ల, నేలంతా తడిపేసుకుంటుంది అనుకునేదే గానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

గడియారం పన్నెండుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పోనీ ఒక్కటి చెప్పు," అంది మార్లిస్ ఆటపట్టిస్తున్నట్టు. "ఈసారైనా నాకు ఓటేస్తావా?"

దీనికి తెలుసా? వెర్నా కూతురి మొహంలోకి చూసింది. తెలియదు. వట్టి హాస్యానికే అంది. నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ నోరు మాట వినలేదు.

"నేనే చేశానే."

"ఏం చేశావు?"

"తెర లాగి, పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. ఆ కాకి కళ్ల ముందు కదిలింది. నువ్వు గెలిస్తే ఈసారి ఆ డబ్బాలో ఏం పెడతారో, నిన్నేం చేస్తారో అని భయమేసింది. సోలీ పేరుకి గుర్తు పెట్టేశాను. నువ్వు ఇంటికొచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తుంటే, పోన్లే తల్లీ, ఒక్క ఓటేగా అన్నాను. ఆ ఒక్క ఓటూ నాదేనే."

మార్లిస్ ఏడవలేదు, కోప్పడలేదు. తల్లి మొహం మీంచి చూపు తీసి ప్లేటు వైపు తిప్పుకుంది.

ఫోను మోగింది. ఒకటి. రెండు. మూడు. ఇక లేచిపోతుంది, కారెక్కుతుంది, మళ్లీ ఈ గడప తొక్కదు అనుకుంటూ వెర్నా కళ్లు మూసుకుంది.

కుర్చీ కదిలిన చప్పుడైంది.

"నమస్తే ఎంగెన్‌గారూ." అవతలి మాటంతా వింది. "సరేనండి. నా పేరు చెప్పెయ్యండి."

ఫోను పెట్టేసి వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. ప్లేటులో మిగిలిన సగం ముక్క తీసుకుని, తొందర లేకుండా మొత్తం తినేసింది. పొయ్యి మీద కాఫీ పొంగిపోతున్నా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు. వెర్నా కూతురి పెదవుల వైపే చూస్తోంది. తిట్టినా బాగుండును. కొట్టంలో ఆర్విడ్ సుత్తి దెబ్బలు మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యాయి.

మార్లిస్ ఖాళీ ప్లేటు పక్కకి జరిపింది.

"ఆ రోజు తెర లాగగానే నాకు నీ గొంతే వినబడిందమ్మా. నేనూ సోలీకే వేశాను."