దుబాయి చందమామ

నాంపల్లి కోర్టు ముందు, జైలు నుంచి వచ్చిన పోలీసు వ్యాన్ దిగిన అంజన్‌కు ఎదురుగా కూతురు మృదుల నిలబడి ఉంది.

అతను బేడీలున్న చేతులు చొక్కా కింద దాచుకోబోయాడు.

“దుబాయిల లేనని మీ అమ్మ చెప్పిందా?”

“చందమామ చెప్పిండు. పున్నమికి ముందు పగలే పొడుస్తడు గదా. నేను ఫోన్ల ‘పొడిచిండు బాపూ’ అంటే, నువ్వు ‘గీడ గూడ గిప్పుడే పొడిచిండు’ అంటుంటివి. దుబాయిల మనకంటే గంటన్నర ఆలస్యంగ పొడుస్తడని బళ్లె సార్ చెప్పిండు.”

“ఎప్పుడు?”

“పోయినేడు.”

“మరి నన్ను అడగకపోతివి?”

“అడిగితే ఫోన్ చేసుడు బంద్ చేస్తవని.”

కానిస్టేబుల్ అతని భుజం పట్టి లోపలికి నడిపించాడు. మృదుల పక్కనే నడుస్తూ గొంతు తగ్గించింది.

“తమ్మునికింకా తెల్వదు. వాడు చందమామ పొడిచిండంటే, దుబాయిల ఇంకా పొడవలేదని చెప్పు బాపూ.”