అబ్బాయి నెంబరు

కట్టు విప్పి చూస్తే తాత కాలి పుండు పూర్తిగా మానిపోయింది. నా గుండెల్లో రాయి పడింది.

ఆపరేషనయ్యాక తల దాచుకునే చోటు లేనివాళ్ళను మా కేంద్రంలో గాయం మానేదాకానే ఉంచుతాం. ఆ తర్వాత మంచం ఇంకొకరికి ఇవ్వాలి.

"ఇప్పుడెక్కడికెళ్తావు తాతా?"

"మా అబ్బాయి దగ్గరికమ్మా. చేరినప్పుడే నెంబరు రాయించాను కదా."

కొడుకుండీ ఈయన వీధిలో పడుకుంటున్నాడా అని నాకు ఒళ్ళు మండింది. ఫోన్ ఎత్తగానే అవతలి మనిషిని దులిపేశాను.

"నెలన్నరగా మీ నాన్న ఇక్కడుంటే ఒక్కసారి తొంగిచూడలేదేంటయ్యా?"

"మా నాన్న పోయి పదేళ్ళయిందండీ. నేను బట్టల షాపు వాచ్‌మన్ని. ఈ నెంబరు మా షట్టరు మీద రాసుంటుంది."

రిజిస్టరులో నెంబరు మళ్ళీ సరిచూసుకున్నాను. ఈలోగా అతనే అడిగాడు.

"కాలు కుంటే తాతేనా? మా మెట్ల మీద పడుకునేవాడు. రోజూ షాపు తెరిచేముందు కర్రతో తట్టి లేపేది నేనే. ఎలా ఉన్నాడు?"

"నయమైంది. ఇవాళ పంపేస్తున్నాం."

"పంపండమ్మా. ఆయన మెట్టు మీద ఇంకెవర్నీ పడుకోనివ్వలేదు."

వార్డులోకి వెళ్ళేసరికి తాత దుప్పటి మడతపెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నాడమ్మా?"

"నీ చోటు అలాగే ఉందన్నాడు తాతా."

తాత మొహం విప్పారింది. పక్క మంచమతని వైపు తిరిగాడు.

"చెప్పానా, మా అబ్బాయి ఉంచుతాడని."