ఇనుములో పాట

“కొత్త వాల్వులేసినా నోరు లేవదేటి తమ్ముడూ? ఇంజినీరింగ్ చదివినోడివి, సరిగ్గా చూడు,” అన్నాడు డేవిడ్‌రాజ్.

మరోదా కాలనీలో అతని క్వార్టర్లో గిటారు యాంప్లిఫయర్ విప్పి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మీటరు పెట్టాను. ఒకవైపు తీగచుట్టకి మీటరు ముల్లు కదిలింది. రెండోవైపు కదల్లేదు.

“ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందన్నా. స్పీకర్ వైరు తీసేసి వాయిస్తే ఇలాగే అవుద్ది.”

“వైరెవడు తీస్తాడు? నేను తప్ప దీన్నెవరూ ముట్టరు. ఆడోళ్లకి గిటారేటని పెళ్లయిన రోజే జూడీకి చెప్పీసినాను.”

అతని భార్య జూడీ రెండు చేతులా టీ గ్లాసులు పట్టుకొచ్చింది. ఎడమచేతి వేళ్ల కొసలు తీగలు నొక్కినొక్కి కాయలు కాసి ఉన్నాయి. నేను తల దించుకున్నాను.

“పాతదైపోయినా ఇలా కాలిపోద్దిలే అన్నా,” అని మాట మార్చాను.

“పాతదైపోతే ఇంకేటి? పాత సామాన్ల కబాడీకిచ్చీసి చర్చి వాళ్లదే వాడుకుంటాను.”

జూడీ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

“పాతదై కాదు. వైరు నేనే తీసినాను,” అంది. “మీరు డ్యూటీకెళ్లాక వాయిస్తాను. పక్క క్వార్టరోళ్లకి వినబడితే మీకు చెప్పీస్తారని తీసీసీదాన్ని. స్పీకర్ లేకపోయినా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములోంచి పాట సన్నగా వస్తాది. చెవి ఆనించుకుని వినీదాన్ని.”

డేవిడ్‌రాజ్ ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“మీరు వద్దన్న మర్నాటి నుంచి.”